కార్వాన్‌లో చెట్టు దిగడం

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు, మాఘమాసంలో, శుక్రవారం పొద్దున పదింబావుకు, హైదరాబాదు కార్వాన్‌లో మా తమ్ముడు కొమురయ్య చెట్టు దిగాడు. ఆ గదిలో చెట్టు లేదు. ఒక చెక్క బల్ల, నూనె గిన్నె, గోడకు గడియారం ఉన్నాయి. గడియారం ఉంది కాబట్టే వేళ ఇంత ఖాయంగా చెబుతున్నాను.

మా ఊరు చౌటుప్పల్ అవతల. తాళ్ళు గీసి కల్లు అమ్మే ఇళ్ళు మావి. నాకు తల నెరిసినాక రాత్రి బడిలో అక్షరాలు వచ్చాయి. రాతలో నగిషీలు ఉండవు. పట్నం చూడనివాళ్ళు, నడుం నొప్పితో అక్కడికి పోదామా అని ఆలోచించేవాళ్ళు చదువుకుంటారని రాస్తున్నాను. చదివాక పోవాలో వద్దో మీరే తేల్చుకోండి.

కొమురయ్య దసరాకు ముందు తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. వాన తడికి మోకు జారింది. మోకు అంటే గీసేవాడు తననూ చెట్టునూ కలిపి చుట్టుకునే పెద్ద తాడు. సర్కారు దవాఖానలో పడుకోబెట్టారు, ఎముకలు అతికాయి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "నడుస్తాడు. ఎక్కడం మాత్రం మరిచిపోండి" అన్నాడు. నడుస్తాడన్న మాట ఇంటికి తెచ్చుకున్నాం. రెండోది దవాఖానలోనే వదిలేసి వచ్చాం.

చలికాలం వచ్చేసరికి కుడిపక్క అంతా కట్టెలాగా బిగుసుకుపోయింది. గొంతుకూర్చోలేడు, నిటారుగా నిలబడలేడు. రాత్రి ఒక పక్కకు తిరిగి కొడవలిలాగా ముడుచుకుని పడుకుంటాడు, మూలుగుతాడు. శివరాత్రి దాటగానే మా సంఘంవాళ్ళు చెట్లు పంచుతారు. ఎక్కేవాడికే చెట్లు. ఎక్కనివాడికి పలకరింపు. కొమురయ్యకు భార్య, ముగ్గురు పిల్లలు. నా పెనిమిటి కూడా చెట్టు మీది నుంచి పడే పోయాడు, అప్పటి నుంచి నేనూ ఆ ఇంట్లోనే తింటున్నాను. కార్వాన్‌లో ఒక పహిల్వాన్ ఉన్నాడు, బిగుసుకున్న ఒంటిని చేతులతో విప్పుతాడు అని ఎవరో చెబితే శివరాత్రి లోపల బాగుచేయించుకు రావాలని బయలుదేరాం.

బస్సు

కూర్చుంటే మళ్ళీ లేవలేడు కాబట్టి కొమురయ్య ఇనుప కడ్డీ పట్టుకుని వంగి నిలబడ్డాడు. సీట్లు ఖాళీగా ఉన్నాయి. కండక్టరుకు అది నచ్చలేదు.

"కూసోరాదే పెద్దమనిషీ, అడ్డమున్నవ్."

"కూసుంట. దిగేకాడ నువ్వు లేపుతవా నన్ను?"

"నేనెందుకు లేపుత? నేనేమన్న నీ అల్లుణ్ణా?"

"గందుకే నిలబడ్డ."

బస్సంతా నవ్వింది. నవ్వు అయిపోయాక ఒక్కొక్కరూ వాడి నడుం చూశారు, తర్వాత కిటికీలోంచి బయటికి చూశారు. వెనక జొన్న బస్తాలు వేసుకొచ్చిన ఒక ముసలామె, "గీ బస్తాల మీద పండు బిడ్డా, జొన్నలకేం నొప్పి గాదు" అని పిలిచింది. గుంతలు పడినప్పుడల్లా బస్తాల మీంచి వాడి మూలుగు వినిపించింది. ఆమె తన గొంగడి తీసి వాడి నడుం కింద దోపింది. ఆమె పేరు అడగలేదు. అడగాల్సింది.

మలక్‌పేటలో దిగాం. రిక్షా ఆయన మా వాడిని పైకీ కిందికీ చూసి, "కూసోని వస్తడా, పండుకోని వస్తడా?" అన్నాడు. ఆఖరుకు కొమురయ్య కాళ్ళు పెట్టుకునే పలక మీద నిలబడి గూడు పట్టుకున్నాడు, నేను సీటు మీద కూర్చున్నాను. దారి పక్క పాన్‌డబ్బా ఆయన, "వారెవ్వా, దొరసాని సవారి పోతున్నది, బంట్రోతు ఎంట పోతున్నడు" అని అరిచాడు. నేను తిరిగి ఒక మాట అన్నాను. అది ఇక్కడ రాయను.

మాదన్నపేట

మా చిన్నమ్మ కూతురు యాదమ్మ ఇల్లు మాదన్నపేట కూరగాయల మండీ వెనక. ఒకటే గది. ఆమె పెనిమిటి నర్సింహ కరెంటు లైన్‌మన్. పుట్టింది మా కులంలోనే, పెరిగింది మాత్రం పట్నంలో. మా ఊళ్ళో చుట్టం వస్తే ముందు కాళ్ళకు నీళ్ళిస్తాం. ఇక్కడ ముందు చాయ్ ఇచ్చారు, కాళ్ళు ఎక్కడ కడుక్కోవాలో నేనే అడిగి తెలుసుకున్నాను. కొత్తిమీర కూడా ఇక్కడ కొంటారు, కట్ట పది పైసలు. పెరట్లో గిల్లుకునే ఆకుకు పైసలేమిటని నేను మండీలో లొల్లి పెడితే యాదమ్మ నన్ను చెయ్యిపట్టి గుంజుకొచ్చింది.

రాత్రి ఖట్టీదాలు, అంటే చింతపండు పప్పు, జొన్నరొట్టె పెట్టింది. కొమురయ్య గోడకు ఆనుకుని నిలబడే తిన్నాడు. వాడిని నవ్వించాలని నర్సింహ, "బావా, నువ్వూ ఎక్కుతవ్, నేనూ ఎక్కుత. నా చెట్టుకు కల్లు రాదు, షాక్ వస్తది, గంతే ఫరక్" అన్నాడు.

యాదమ్మ అందుకుంది. "అక్కా, ఈయన పేరుకే గౌండ్లాయన. తాటిచెట్టుకు, ఈతచెట్టుకు తేడా తెల్వదు. సర్కారు నిచ్చెన లేకుంటే మంచం గూడ ఎక్కడు."

అందరం నవ్వాం. కానీ ఆమె అన్నది ఉత్త వేళాకోళం కాదని మర్నాడు తెలిసింది.

కార్వాన్, గురువారం

నర్సింహ కూడా వెంట రాగా, కొమురయ్యను సీటు మీద ఒరగబెట్టి ఆటోలో చార్మినార్ మీదుగా, పురానాపూల్ దాటి పోయాం. కుస్తీలు నేర్పే తాలీం పక్కన చిన్న గది. ఎర్రమట్టి వాసన, నువ్వుల నూనె వాసన కలిసి వస్తున్నాయి. ఇమామ్ పహిల్వాన్ అరవై దాటిన మనిషి. కుస్తీల్లో నలిగి నలిగి చెవులు గవ్వల్లాగా ముడుచుకుపోయాయి. ధర చెప్పడు. గడప దగ్గర రేకు డబ్బా ఉంటుంది, తోచింది వేసి పోవాలి. పరదా వెనక ఆయన భార్య ఖాజాబీ నూనె వెచ్చచేస్తుంది, ఆడవాళ్ళు వస్తే తనే రుద్దుతుంది.

మాకంటే ముందు ఒక బక్కపల్చని ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరు సలీం భాయ్. మిఠాయిల మీద వేసే వెండి రేకు ఉంటుంది కదా, దాన్ని తోలు పుస్తకంలో పెట్టి పొద్దంతా సుత్తెతో కొట్టడం ఆయన పని. కుడి భుజం చెవి దాకా లేచి అక్కడే ఆగిపోయింది. "నాది పొద్దుగాల కింద పెడ్తడు పహిల్వాను," అని నాతో అన్నాడు. "మాపటికి మళ్ళ పైకొస్తది. రోజు గిదే మాకు."

పహిల్వాన్ కొమురయ్యను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి చాలాసేపు ఊరికే తడిమి చూశాడు. చర్మాన్ని వేళ్ళతో పట్టి పైకి లాగాడు. ఎడమ పక్క లేచింది. కుడి పక్క లేవలేదు.

"అమ్మా, మేకను కోసుంటరు గద మీరు," అన్నాడు నాతో.

"ఎల్లమ్మ పండుగకు కోస్తం."

"తోలు తీసేటప్పుడు తోలుకు మాంసానికి నడుమ తెల్లగ పొర ఉంటది, చూసినవా? జాలీ లెక్క, వల లెక్క?"

"చూసిన."

"మనిషికి గూడ గదే. తల నుంచి అరికాలి దాంక ఒకటే పొర. వీనిది ఎండి అతుక్కున్నది. బొక్క మంచిగనే అతికింది, దవాఖానోళ్ళు తమ పని చేసిన్రు. పడ్డ రోజు భయానికి ఒళ్ళు పట్టుకున్నది, ఇంకా ఇడుస్తలేదు."

నాకు ఆ మాట సూటిగా అర్థమైంది. నేను ఒలిచిన మేకలన్నీ గుర్తుకొచ్చాయి.

వెచ్చని నూనె పోసి, బొటనవేళ్ళతో నడుం పక్క నుంచి కిందికి నెమ్మదిగా తోశాడు. తర్వాత మోచేయి పెట్టాడు. కొమురయ్య పళ్ళు బిగించాడు. పహిల్వాన్ చెయ్యి పోయేకొద్దీ వాడి ఒళ్ళు ఇంకా గట్టిపడింది. ఆయన పని మరపులో ఉర్దూలో, "ఢీలా ఛోడో, మియా, ఢీలా ఛోడో" అన్నాడు. మా వాడికి ఉర్దూ అంతగా రాదు. నర్సింహ తల దగ్గర నిలబడి తెలుగులో అందించాడు.

"వదులు బావా! మొత్తం వదులు!"

అప్పుడు జరిగింది చెబుతాను. కొమురయ్య రెండు చేతులూ బల్ల కిందికి పోయి అంచును పట్టుకున్నాయి. రెండు కాళ్ళూ పహిల్వాన్ తొడను చుట్టేశాయి. ఆయన వెనక్కి లాక్కుంటే బల్ల లేచింది, నూనె గిన్నె బోర్లాపడింది, ఇద్దరూ కలిసి నేల మీద పడ్డారు. కొమురయ్య అరిచిన అరుపుకు పక్కన తాలీంలో దండీలు తీసేవాళ్ళు ఆగిపోయారు.

సలీం భాయ్, "పహిల్వాన్‌ను పడగొట్టిండు! ఇనాం తెప్పియ్యున్రి వీనికి!" అన్నాడు.

పహిల్వాన్ నవ్వలేదు. తొడ రుద్దుకుంటూ లేచాడు. "కుస్తీల గూడ నన్ను ఎవడు గిట్ల పట్టలే. పొండి. రేపు రండి. రేపు గూడ గిట్లనే పట్టుకుంటే ఇగ రాకండి."

చార్మినార్ పక్కన, కల్లు కాంపౌండులో

తిరిగి వచ్చేటప్పుడు నర్సింహ డ్యూటీకి పోయాడు. మేమిద్దరం చార్మినార్ దగ్గర ఆటో దిగి మెల్లగా నడిచాం. కొమురయ్య నడక చూసి, నూనె సీసాలు గలగలలాడించుకుంటూ ఒక మాలీషు ఆయన వెంటపడ్డాడు. "ఒక్కసారి రుద్దుత చాచా, ఉరుకుతవ్" అంటాడు. చాలు నాయనా, పొద్దున ఒకరిని పడగొట్టే వచ్చాం అని తోలేశాను. గాజుల బజారులో లక్కగాజులు చేసే ఆడవాళ్ళు బొగ్గుల కుంపటి ముందు మెడలు వంచి కూర్చున్నారు. అద్దంముక్కలు అతికే ఒకామె మమ్మల్ని చూడ్డానికి తల ఎత్తబోయి, ఎత్తలేక, ఒళ్ళంతా వెనక్కి వాల్చి చూసింది. మావాళ్ళు అద్దాల గాజులని మురిసిపోతారు. తెచ్చుకునేటప్పుడు ఆ మెడ కూడా తలుచుకోండి.

ఇరానీ హోటల్లో చాయ్ తాగించాను, ముప్పై పైసలు. చిక్కగా ఉంది. కానీ కొమురయ్య కల్లు అడిగాడు. ఒక కాంపౌండుకు తీసుకుపోయాను. మా ఊళ్ళో చెట్టు కింద కూర్చుని ఆకు దొప్పలో తాగుతాం. ఇక్కడ గోడలు, గేటు, వరసగా సీసాలు. వాడు ఒక గుక్క నోట్లో పోసుకుని చాలాసేపు ఆపి మింగాడు.

"ఎట్లున్నది?"

"గిది ఏ చెట్టుది గాదక్కా. నీళ్ళకు కోపమొచ్చినట్లున్నది."

సీసాలు అందించే ముసలాయన విన్నాడు. మాట తీరు పట్టి ఏ ఊరని అడిగాడు. ఆయనదీ మా నల్గొండ వైపే. ఒకప్పుడు గీసినవాడే.

"మరి గిక్కడున్నవేంది బాపూ?" అన్నాడు కొమురయ్య.

"దిగి మస్తు ఏండ్లయె. కండ్లు సరిగ కనబడకపోయె, దిగిన. ఇగ సీసాలు కడుగుకుంట బతుకుతున్న." ఆయన మా వాడి నడుం చూశాడు. "నువ్వెప్పుడు దిగినవ్?"

"నేను దిగలే," అన్నాడు కొమురయ్య. "శివరాత్రికి ఎక్కుత."

బయటివాళ్ళకు చెప్పాలి కదా, చెబుతాను. మాలో వృత్తి మానుకున్నవాడిని మానేశాడు అనరు. దిగిండు అంటారు. పొద్దున దిగి సాయంత్రం ఎక్కేదీ దిగడమే, ఇక ఎన్నటికీ ఎక్కకపోయేదీ దిగడమే. ఏది ఏదో గొంతును బట్టి తెలుస్తుంది.

సీసా సగం ఉండగానే కొమురయ్య కింద పెట్టాడు. గోడకు చెయ్యి ఆనించి, "అక్కా, నర్సింహ ఏమన్నడో ఇన్నవా?" అన్నాడు.

"ఏమన్నడు?"

"వదులు అన్నడు."

నాకు అప్పటిదాకా తట్టలేదు. మా ఇళ్ళలో మగవాడు చెట్టు మీద ఉండగా ఆ మాట ఎవరూ అనరు. దూడను కూడా వదలమనం, ఇప్పమంటాం. నా పెనిమిటి ఎక్కి ఉండగా నేను కొప్పు ముడి కూడా సడలనివ్వలేదు. చెట్టు మీద ఉన్నవాడికి ఆ మాట వినబడితే చేతులు వాటంతట అవే బిగుస్తాయి. అట్లా బిగిస్తేనే బతుకుతారు. దసరా ముందు పడ్డప్పుడు కొమురయ్య తలలోంచి చెట్టు పోలేదు. ఇంకా దాన్ని పట్టుకునే ఉన్నాడు. అట్లాంటివాడికి మా మరిది చెవిలో ఆ మాటే అరిచాడు. మా కులంలో పుట్టి నిచ్చెన ఎక్కేవాడు మాత్రమే చెయ్యగల తప్పు అది.

శుక్రవారం

మర్నాడు గదిలో మళ్ళీ సలీం భాయ్ ఉన్నాడు, భుజం మళ్ళీ పైకి లేచి. నేను నర్సింహతో చెప్పాను, "నువ్వు నోరు ముయ్యి మరిదీ. ఇయ్యాల నేను చెప్త."

"నేనేమన్న తప్పన్ననా వదినె?"

"అన్నవ్. ఇంటికి పోయినంక చెప్త. నీ పెండ్లామే తిడ్తది."

పహిల్వాన్ వెచ్చచేసిన ఇటుకను బట్టలో చుట్టి నడుం మీద పెట్టి ఉంచాడు. తర్వాత నూనె. తర్వాత బొటనవేళ్ళు. కొమురయ్య చేతులు బల్ల అంచు దగ్గరికి పోతున్నాయి. నేను వాడి తల దగ్గర నేల మీద కూర్చున్నాను, చెట్టు కింద కూర్చున్నట్టే. ఏమనాలో ముందుగా అనుకోలేదు. ఏళ్ళ తరబడి చెట్టు కింద నిలబడి, పైన కట్టిన కల్లుకుండను చూసి మా ఆయనతో అన్న మాటే నోట్లోంచి వచ్చింది.

"లొట్టి నిండింది తమ్మీ. దిగు."

వాడి వీపు ఒక్కసారి వణికింది.

"మబ్బు పట్టింది. దిగు. తొందరేం లేదు, మెల్లగ దిగు."

పహిల్వాన్ చేతి కింద ఏదో కదిలింది. ఆయన మొహంలో తెలిసింది. మోచేయి తుంటి పక్కన ఆనించి, నా మాటకు తగ్గట్టు కిందికి జరిపాడు. నేను దిగు అన్నప్పుడల్లా కొంచెం జారింది. ముందు భుజాలు, తర్వాత నడుం, తర్వాత తొడ. వాడి చేతులు బల్ల అంచు విడిచి కిందికి వేలాడాయి. పాదాలు పక్కలకు వాలాయి. పహిల్వాన్‌కు మాట నచ్చింది. మావాళ్ళలో ఢీలాకు అదే మాట అనుకున్నట్టున్నాడు, తనూ "దిగో, దిగో" అనసాగాడు. సలీం భాయ్ తన భుజానికి తనే "దిగవే, దిగు" అని చెప్పుకున్నాడు. నర్సింహ నోరు మూసుకుని నిలబడ్డాడు, పాపం.

కొమురయ్య ఏడ్చాడు. బల్ల మీద నీళ్ళు పడ్డాయి. తర్వాత నిద్రపోయాడు, వెల్లకిలా తిరిగి, కాళ్ళు చాపి. దసరా నుంచి వాడు వెల్లకిలా పడుకోవడం నేను చూడలేదు. ఖాజాబీ పరదా పక్కకు జరిపి చూసి, మళ్ళీ వేసింది. అప్పుడే గడియారం చూశాను.

లేచాక నిలబడమన్నాడు పహిల్వాన్. కొంచెం ఒంకర ఉంది కానీ నిలబడ్డాడు. కూర్చోమన్నాడు. బల్ల పట్టుకుని కూర్చున్నాడు. నాకు సంతోషం ఆగలేదు. "ఇంక ఎక్కుతడు గదా?" అన్నాను.

ఆయన బల్ల చుట్టి వచ్చాడు. కొమురయ్యను లేపి, వాడి ఎదురుగా కాళ్ళు దూరంగా పెట్టి నిలబడ్డాడు. "నేనే చెట్టనుకో. ఎక్కు. నిన్న పట్టినవ్ గద, గట్ల పట్టు."

కొమురయ్య చేతులతో ఆయన్ను చుట్టాడు. ఎడమ పాదం ఆయన పిక్కకు ఆనించాడు, ఆగింది. కుడి పాదం ఆనించాడు, జారింది. మళ్ళీ ఆనించాడు. జారింది. పహిల్వాన్ కదలకుండా నిలబడ్డాడు. చాలాసార్లు జారింది.

"నిన్న గా పట్టు భయంది," అన్నాడు పహిల్వాన్. "బలం గాదు. నొప్పి తీస్త, నెలకొకసారి రాండి. పండుకుంటవ్, కూసుంటవ్, నడుస్తవ్. గా పాదం మాత్రం నా చేతిల లేదు. డాక్టర్ సాబ్ ఏమన్నడు?"

"ఎక్కొద్దన్నడు," అన్నాను.

"మరి నా దగ్గరికి ఎందుకొచ్చిన్రు?"

"నువ్వు ఎక్కమంటవని."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "నేను మాలీషు జేస్తనమ్మా," అన్నాడు. పరదా వైపు తిరిగి, ఖాజాబీని చాయ్ పెట్టమన్నాడు.

చాయ్ వచ్చింది. కొమురయ్య బల్ల మీద కూర్చుని తాగాడు, కూర్చుని. ఎట్లుందని సలీం భాయ్ అడిగాడు.

"దిగిన," అన్నాడు.

సలీం భాయ్, పహిల్వాన్ నవ్వారు, మాట పనిచేసిందని. నర్సింహ కూడా నవ్వాడు. నేను వాడి గొంతు విన్నాను. అది సాయంత్రం మళ్ళీ ఎక్కేవాడి గొంతు కాదు.

ఇంటికి

తిరుగు బస్సులో కొమురయ్య దారంతా కూర్చునే వచ్చాడు. కిటికీలోంచి తాటిచెట్లు కనబడినప్పుడు కళ్ళు మూసుకున్నాడు. శివరాత్రి తర్వాత చెట్లు పంచారు. మా చెట్లు పక్కింటి వాళ్ళకు పోయాయి. ఇప్పుడు వాళ్ళు గీసిన కల్లు తెచ్చి మేము అమ్ముతున్నాం. ముంతలు కొమురయ్యే అందిస్తాడు. రాత్రిళ్ళు మూలగడం లేదు. నెల తర్వాత మళ్ళీ కార్వాన్ పోదామంటే, ఎందుకక్కా, కూసుంటున్న గద, అన్నాడు.

మీకు నొప్పి ఉంటే పోండి. ఆ చేతులు మంచివి. ముందు మాత్రం డాక్టరు చెప్పిన మాట పూర్తిగా వినండి, ఒకరు వద్దన్నది ఇంకొకరితో అవునని అనిపించుకోవడానికి అంత దూరం పోకండి. మీ మనిషికి ఏ మాట చెప్పకూడదో కూడా తెలుసుకుని పోండి. నేనన్న దిగు చెప్పదగిన మాటో కాదో నాకే ఇంకా తెలియదు.

ఆ శుక్రవారం ఆ గదిలో ఉన్నవాళ్ళం వీళ్ళం. ఇమామ్ పహిల్వాన్. పరదా అవతల ఆయన భార్య ఖాజాబీ. వెండి రేకు కొట్టే సలీం భాయ్. మా మరిది నర్సింహ, నోరు మూసుకుని. నేను, ఎల్లమ్మ. మా తమ్ముడు కొమురయ్య, చెట్టు దిగి, నేల మీద.